స్కిజోఫ్రీనియాలో నిద్రను విడిగా ఎందుకు చూడాలి

స్కిజోఫ్రీనియాను నిర్ధారించడానికి సైకియాట్రిస్టులు వాడే డీఎస్ఎమ్-5 గ్రంథం ఐదు ప్రధాన లక్షణాలను చెబుతుంది. తనపై ఎవరో కుట్ర చేస్తున్నారని నమ్మడం వంటి భ్రమలు, ఎవరూ లేకుండానే మాటలు వినిపించడం వంటి భ్రాంతులు, పొంతన లేని మాట, అదుపు తప్పిన ప్రవర్తన, ఆసక్తీ చొరవా భావోద్వేగాలూ సన్నగిల్లడం అనేవి ఆ ఐదు. నిద్ర వీటిలో లేదు. వ్యాధితో పాటు తరచుగా కనిపించే విషయాల్లో ఒకటిగా మాత్రమే అది ప్రస్తావనకు వస్తుంది. కానీ ఈ జబ్బు ఉన్న మనిషితో ఒకే ఇంట్లో ఉంటున్నవారిని కదిలిస్తే, చాలామంది ముందుగా చెప్పేది రాత్రుల గురించే. తెల్లవారుజాము దాకా గదిలో అటూ ఇటూ తిరగడం, మధ్యాహ్నం దాకా లేవలేకపోవడం, వరుసగా రెండు రాత్రులు కన్ను మూయకుండా గడిపి మూడో రోజు పగలంతా పడుకోవడం వారికి నిత్యానుభవం. మా కుటుంబంలో దగ్గరివారొకరికి ఈ వ్యాధి ఉన్నందువల్ల ఈ విషయం మీద దొరికినంత మేరకు చదువుతూ వస్తున్నాను. వైద్యం నా వృత్తి కాదు. చదివినదాన్నిబట్టి నాకు కలిగిన అభిప్రాయం ఏమిటంటే, నిద్ర చెదరడాన్ని వ్యాధి ఫలితంగా మాత్రమే చూసి వదిలేయడం వల్ల రోగులకు చాలా నష్టం జరుగుతోంది. దాన్ని విడిగా అడగాలి, విడిగా కొలవాలి, అవసరమైతే విడిగా చికిత్స చేయాలి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. స్కిజోఫ్రీనియా అనే పేరును 1908లో యూజెన్ బ్లూలర్ ప్రవేశపెట్టకముందే, అదే వ్యాధిని వేరే పేరుతో వర్ణించిన ఎమిల్ క్రేపెలిన్ తన రోగుల్లో నిద్ర చెదరడాన్ని గమనించి రాశాడు. ఆ తర్వాత చాలాకాలం ఈ విషయం మరుగున పడటానికి నాకు రెండు కారణాలు తోస్తాయి. మొదటిది, అందరికీ సహజంగా తట్టే వివరణ: చెవిలో ఎవరో తిడుతున్నట్టు వినిపిస్తుంటే, తలుపు బయట ఎవరో పొంచి ఉన్నారని అనిపిస్తుంటే ఎవరికి మాత్రం నిద్ర పడుతుంది? జబ్బు తగ్గితే నిద్ర దానంతటదే కుదురుకుంటుందని వైద్యులూ కుటుంబాలూ అనుకున్నారు. రెండవది, 1952లో పారిస్‌లో జీన్ డిలే, పియర్ డెనికర్ క్లోర్‌ప్రొమజీన్ అనే మందును రోగులకు ఇవ్వడం మొదలుపెట్టిన తర్వాత వచ్చిన మందుల్లో చాలావాటికి మత్తు కలిగించే గుణం ఉండటం. మందు వేసుకున్న మనిషి పగలు కూడా తూగుతుంటే, అతనికి నిద్ర సమస్య ఉందని ఎవరికీ అనిపించదు. పైగా ఎక్కువ నిద్రపోతున్నాడన్న ఫిర్యాదే వినిపిస్తుంది.

నిద్రలేమి ఈ వ్యాధి ఉన్నవారిలో 30 నుంచి 80 శాతం మందిలో ఉంటుందని వేర్వేరు అధ్యయనాలు చెబుతాయి. ఇంత వ్యత్యాసం ఉండటానికి కారణం, ఒక్కొక్కరు ఒక్కో దశలో ఉన్న రోగులను, ఒక్కో కొలమానంతో చూడటమే. వ్యాధి ఉద్ధృతంగా ఉన్నప్పుడు అంకె పై అంచుకు చేరుతుంది, తగ్గుముఖం పట్టినప్పుడు దిగుతుంది, కానీ సున్నాకు రాదు. మందుల ప్రభావం లేని రోగులపై జరిగిన అధ్యయనాలను కలిపి 2004లో చేసిన విశ్లేషణలో కూడా నిద్ర పట్టడానికి ఎక్కువ సమయం పట్టడం, మొత్తం నిద్ర తగ్గడం, పక్క మీద గడిపిన సమయంలో నిజంగా నిద్రపోయిన భాగం తక్కువగా ఉండటం కనిపించాయి. కాబట్టి ఇది మందుల వల్ల వచ్చిపడిన సమస్య మాత్రమే అనడానికి వీల్లేదు.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన అధ్యయనం 2012లో కాటరీనా వుల్ఫ్, రస్సెల్ ఫోస్టర్ తదితరులు బ్రిటన్‌లో చేసినది. అందులో పాల్గొన్న రోగులు 20 మందే. అయినా దాని పద్ధతి చాలా ఆలోచించి రూపొందించినది. రోగులకు చేతి గడియారంలాంటి పరికరం కట్టి, ఆరు వారాల పాటు వారి కదలికలనూ వారిపై పడే వెలుతురునూ నమోదు చేశారు. చీకటి పడినప్పుడు శరీరం విడుదల చేసే మెలటోనిన్ ఏ వేళలో పెరుగుతోందో మూత్ర పరీక్షల ద్వారా చూశారు. పోల్చడానికి ఆరోగ్యవంతులను ఎంచుకునేటప్పుడు, ఉద్యోగం లేనివారినే ఎంచుకున్నారు. ఈ చివరి జాగ్రత్త చాలా విలువైనది. పొద్దున్నే లేచి వెళ్లాల్సిన పని లేకపోతే ఎవరి నిద్రవేళలైనా గాడి తప్పుతాయి, ఈ రోగుల విషయంలోనూ జరిగేది అంతే అన్న వాదన ఎప్పటినుంచో ఉంది. ఫలితాలు ఆ వాదనను నిలవనివ్వలేదు. పని లేని ఆరోగ్యవంతుల నిద్ర మొత్తం మీద క్రమంగానే ఉంది. రోగుల్లో ప్రతి ఒక్కరి నిద్రా చెదిరి ఉంది. దాదాపు సగం మందిలో శరీరంలోని జీవగడియారమే బయటి పగలూ రాత్రులతో పొంతన కోల్పోయింది. కొందరిలో రాత్రి చాలా ఆలస్యంగా మొదలవుతోంది, మరికొందరి రోజు 24 గంటల చట్రంలో ఇమడకుండా నానాటికీ ముందుకు జరిగిపోతోంది. వీరంతా మందులు వాడుతూ, జబ్బు ఒక మేరకు నిలకడగా ఉన్నవారే. అంటే భ్రమలూ భ్రాంతులూ అదుపులోకి వచ్చినా గడియారం సర్దుకోలేదన్నమాట.

ఈ ఫలితం చదివాక, ఇంట్లో మేము సోమరితనం అని లోలోపల విసుక్కున్నదానిలో ఎంత భాగం గడియారం చేసిన పనో అన్న ఆలోచన నాకు కలిగింది. మధ్యాహ్నం రెండు గంటలకు లేచే మనిషికి, అతని శరీరం ప్రకారం, అప్పుడే తెల్లవారుతూ ఉండవచ్చు. అటువంటి మనిషిని ఉదయం ఏడు గంటలకు లేపి కూర్చోబెట్టడమంటే మనల్ని అర్ధరాత్రి దాటాక లేపి చురుగ్గా ఉండమనడమే.

ఇక రెండో వైపు చూడాలి. వ్యాధి నిద్రను పాడుచేస్తుంది సరే, నిద్ర పాడవడం వ్యాధి లక్షణాలను పుట్టిస్తుందా? ఆరోగ్యవంతులను మెలకువగా ఉంచి చూసిన ప్రయోగాలు ఈ ప్రశ్నకు కొంత జవాబు ఇస్తాయి. అలాంటి 21 అధ్యయనాలను, మొత్తం 760 మంది అనుభవాలను కలిపి 2018లో ఫ్లావీ వాటర్స్ బృందం ఒక సమీక్ష ప్రచురించింది. నిద్ర లేకుండా ఒకటి రెండు రోజులు గడిచేసరికి చిరాకు, ఆందోళన, కాలం సాగుతున్న తీరు మారినట్టు అనిపించడం, వస్తువుల ఆకారాలు వంకరగా కనిపించడం మొదలవుతాయి. రెండు రోజులు దాటాక లేనివి కనిపించడం, ఆలోచనలో పొంతన తప్పడం వస్తాయి. మూడు రోజుల తర్వాత భ్రమలు తలెత్తుతాయి. ఐదో రోజుకు ఆ స్థితి తీవ్రమైన సైకోసిస్‌ను, అంటే వాస్తవంతో సంబంధం తెగిపోయే స్థితిని, పోలి ఉంటుంది. 1959లో న్యూయార్క్‌లో పీటర్ ట్రిప్ అనే రేడియో వ్యాఖ్యాత విరాళాల సేకరణ కోసం 201 గంటలు మేలుకుని ఉన్నప్పుడు, చివరి రోజుల్లో లేనివి చూశాడనీ, తన చుట్టూ ఉన్నవారినే అనుమానించాడనీ నమోదైంది. అయితే అతనికి మెలకువ నిలబెట్టే ఉత్తేజక మందులు కూడా ఇచ్చారు కనుక ఆ కథను ఉదాహరణగా చెప్పేవారు ఆ ముక్క కూడా చెప్పడం న్యాయం. 1964 జనవరిలో తన ప్రయోగాన్ని ముగించిన రాండీ గార్డ్‌నర్ అనే 17 ఏళ్ల విద్యార్థి అలాంటి మందులు లేకుండానే 264 గంటలు మేలుకున్నాడు. అతని స్థితి ట్రిప్ అంత దూరం వెళ్లలేదు.

నిద్ర లేకపోతే పిచ్చెక్కుతుందని ఈ ప్రయోగాలను చూపించి తేల్చేయడం నాకు సమ్మతం కాదు. మేలుకున్నవారిలో వచ్చిన భ్రాంతుల్లో ఎక్కువ భాగం కంటికి సంబంధించినవి. స్కిజోఫ్రీనియాలో ప్రధానంగా ఉండేవి చెవికి వినిపించే మాటలు. పైగా ప్రయోగంలో పాల్గొన్నవారిలో చాలామంది తగినంత నిద్రపోయాక మామూలైపోయారు. స్కిజోఫ్రీనియా అలా ఒక రాత్రి నిద్రతో పోయేది కాదు. ఈ రెండు తేడాలనూ పక్కన పెట్టకుండా చూస్తే మిగిలే మాట చిన్నదే అయినా బలమైనది: ఆరోగ్యంగా ఉన్న మెదడును కూడా నిద్రలేమి వాస్తవం నుంచి కొంత దూరం జరపగలిగితే, ఇప్పటికే ఆ అంచున ఉన్న మెదడుకు అది చేసే హాని తక్కువగా ఉండదు.

నిద్రను బాగుచేస్తే ఆ దూరం తగ్గుతుందా అన్నది అసలు పరీక్ష. డేనియల్ ఫ్రీమన్ నాయకత్వంలో 2017లో ప్రచురితమైన అధ్యయనం ఆ పరీక్షే పెట్టింది. బ్రిటన్‌లోని 26 విశ్వవిద్యాలయాల నుంచి నిద్రలేమితో బాధపడుతున్న 3,755 మంది విద్యార్థులను తీసుకుని, చీటీ తీసినట్టు రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి మాత్రమే ఇంటర్నెట్ ద్వారా నిద్రలేమికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే నిద్రను చెడగొట్టే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్స, అందించారు. వారి నిద్రతో పాటు ఇతరుల మీద అకారణ అనుమానం, భ్రాంతుల వంటి అనుభవాలు కూడా తగ్గాయి. అనుమానంలో వచ్చిన తగ్గుదలలో దాదాపు 60 శాతానికి నిద్ర మెరుగుపడటమే మార్గమని లెక్క తేలింది. మధ్యలో మానేసినవారు చాలామంది ఉండటం, తగ్గుదల స్వల్పంగా ఉండటం ఈ అధ్యయనంలోని పరిమితులు. వారు విద్యార్థులు, రోగులు కారన్నది అంతకంటే పెద్ద పరిమితి. మందులు వాడుతున్నా భ్రమలో భ్రాంతులో వదలని 50 మంది రోగులపై అదే బృందం 2015లో చేసిన చిన్న అధ్యయనంలో నిద్ర చాలా బాగుపడింది. చికిత్స పొందినవారిలో 41 శాతం మందికి నిద్రలేమి పోయింది, పొందనివారిలో 4 శాతం మందికే పోయింది. కానీ భ్రమలపైనా భ్రాంతులపైనా ప్రభావం ఎంతన్నది తేలలేదు. కొందరు దీన్ని నిరాశ కలిగించే ఫలితంగా చెబుతారు, నాకు అలా అనిపించదు. ఏళ్ల తరబడి రాత్రుళ్లు నరకంగా గడిపే మనిషికి హాయిగా నిద్ర పట్టడం దానికదే ఒక ప్రయోజనం. అది మరో లక్షణాన్ని తగ్గిస్తేనే విలువ అనడం రోగిని మనిషిగా చూడకపోవడమే అవుతుంది.

మెదడులో ఏం జరుగుతోందన్న ప్రశ్న ఈ విషయంలో బహుశా అన్నిటికంటే ఆసక్తికరమైన భాగం. షికాగోలో 1953లో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లీట్‌మన్ కనుగుడ్లు వేగంగా కదిలే నిద్రదశను గుర్తించారు. ఆ దశలోనే స్పష్టమైన కలలు వస్తాయని తెలియగానే, మెలకువలోకి చొరబడిన కలలే స్కిజోఫ్రీనియా భ్రాంతులేమోనన్న ఊహకు ప్రాణం వచ్చింది. క్లీట్‌మన్ శిష్యుడు విలియం డిమెంట్ 1955లోనే స్కిజోఫ్రీనియా రోగుల కలలనూ కనుగుడ్ల కదలికలనూ పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించాడు. వినడానికి ఎంతో అందంగా ఉన్న ఆ ఊహ ఆధారాల ముందు నిలవలేదు.

ఆధారాలు దొరికింది కలలు తక్కువగా ఉండే నిద్రలో. నిద్ర కాస్త చిక్కబడే రెండో దశలో మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ తీస్తే, సెకనుకు 11 నుంచి 16 సార్లు ఊగే చిన్న తరంగాల గుంపులు ఉండి ఉండి కనిపిస్తాయి. ఒక్కో గుంపు అర సెకను నుంచి రెండు సెకన్ల దాకా ఉంటుంది. మొదట సన్నగా మొదలై, మధ్యలో ఉబ్బి, మళ్లీ సన్నబడే ఆకారాన్నిబట్టి వీటిని స్లీప్ స్పిండిల్స్ అంటారు. మెదడు లోతుల్లో థాలమస్ అనే భాగాన్ని చుట్టి ఉండే పలుచని నాడీకణాల పొర వీటిని పుట్టిస్తుంది. ఫాబియో ఫెరారెలీ, జూలియో టొనోనీ తదితరులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో ఈ స్పిండిల్స్ ఆరోగ్యవంతులకంటే, డిప్రెషన్ వచ్చినవారికంటే కూడా స్పష్టంగా తగ్గి ఉన్నాయి. మందులు ఇంకా మొదలుపెట్టని రోగుల్లోనూ, రోగుల తోబుట్టువులు, తల్లిదండ్రుల వంటి దగ్గరి రక్తసంబంధీకుల్లోనూ ఈ లోటు ఉందని తర్వాతి పరిశోధనలు చూపించాయి. జబ్బు రాని బంధువులో కూడా లోటు కనిపించిందంటే, అది జబ్బు వల్ల వచ్చిన అలసటో మందుల ఫలితమో కాదు, వారసత్వంగా వచ్చే బలహీనతలో ఒక భాగమని అర్థం చేసుకోవచ్చు.

స్పిండిల్స్‌కు జ్ఞాపకంతో సంబంధం ఉంది. పగలు నేర్చుకున్న వేళ్ల కదలికల వరుసను ఆరోగ్యవంతులు రాత్రి నిద్ర తర్వాత, కొత్తగా సాధన చేయకుండానే, మరింత వేగంగా చేయగలుగుతారు. స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో ఆ రాత్రి లాభం తక్కువగా ఉందనీ, అది స్పిండిల్స్ లోటుతో ముడిపడి ఉందనీ డారా మనోచ్ బృందం చూపించింది. అయితే స్పిండిల్స్‌ను పెంచితే సరిపోతుందా? ఎస్‌జోపిక్లోన్ అనే నిద్రమందు వాటిని పెంచింది, జ్ఞాపకం మాత్రం మెరుగుపడలేదు. స్పిండిల్స్ సంఖ్య ఒక్కటే చాలదనీ, గాఢనిద్రలోని నెమ్మది తరంగాలతో అవి సరైన క్షణంలో కలిసి రావాలనీ, ఆ మందు ఆ నెమ్మది తరంగాలనే తగ్గించిందనీ పరిశోధకుల వివరణ. నిద్ర మాత్రతో వచ్చేది అచ్చంగా నిద్రేనా అని సందేహించేవారికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

గాఢనిద్ర తరంగాల ప్రస్తావన వచ్చింది కనుక మరొక మాట. స్కిజోఫ్రీనియా ఎక్కువగా యౌవనం మొదట్లో బయటపడటానికి కారణమేమిటన్న చర్చలో తరచుగా వినిపించే సిద్ధాంతం, కౌమారంలో మెదడు అనవసరమైన నాడీ సంధులను (నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట్లను) తొలగించుకునే ప్రక్రియ హద్దు మీరుతుందన్నది. ఈ ఊహను 1980ల మొదట్లో ముందుకు తెచ్చిన ఇర్విన్ ఫైన్‌బర్గ్ నిద్ర పరిశోధకుడన్న సంగతి చాలామందికి గుర్తుండదు. కౌమారంలో గాఢనిద్ర తరంగాల ఎత్తు బాగా పడిపోవడాన్ని గమనించే ఆయన అక్కడికి చేరాడు. నాడీ సంధుల తొలగింపులో పాత్ర ఉన్న సీ4 జన్యువుకూ ఈ వ్యాధికీ ఉన్న సంబంధం 2016లో వెల్లడైనప్పుడు ఆ పాత ఊహకు కొత్త బలం చేకూరింది.

నిద్రకూ వ్యాధికీ మూలం ఒకటే కావచ్చన్న ఆలోచనకు ఎలుకల నుంచి కూడా మద్దతు ఉంది. నాడీకణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపడానికి అవసరమైన స్నాప్-25 అనే ప్రోటీన్‌లో మార్పు ఉన్న ఒక రకం ఎలుకలను స్కిజోఫ్రీనియా పరిశోధనలో వాడతారు. 2012లో వాటి దినచర్యను పరిశీలించినప్పుడు, నిద్రా మెలకువల క్రమం ముక్కలు ముక్కలుగా చెదిరి ఉంది. ఎలుకకు ఉద్యోగం పోయే బాధ లేదు, చెవిలో తిట్లు వినిపించి మేలుకున్నదని చెప్పే వీలూ లేదు. సంకేతాలు పంపే యంత్రాంగంలోని ఒకే లోపం ఆలోచననూ నిద్రనూ పక్కపక్కనే దెబ్బతీయవచ్చన్న మాటను కాదనడం కష్టం.

మందుల సంగతికి వస్తే, అవి ఈ చిత్రాన్ని మరింత చిక్కుగా మారుస్తాయి. క్లోజపీన్, ఓలంజపీన్ వంటివి నిద్రను పెంచుతాయి, కానీ మరుసటి రోజు మత్తును కూడా మిగులుస్తాయి. వాటివల్ల బరువు పెరిగినవారిలో నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే స్లీప్ ఆప్నియా రావచ్చు. పది గంటలు పడుకున్నా అలసట తీరకపోవడం, పెద్ద గురక దాని గుర్తులు. కొన్ని మందులు కాళ్లలో కుదురులేనితనాన్ని కలిగించి మనిషిని పక్క మీద నిలవనివ్వవు. బయటి నుంచి చూసేవారికి ఇవన్నీ జబ్బు ముదిరినట్టే కనిపిస్తాయి. మందు మోతాదు పెంచడం వీటిలో కొన్నింటిని మరింత పెంచుతుంది కనుక, ఏ కారణం వల్ల నిద్ర చెదురుతోందో విడదీసి చూడటం తప్పనిసరి. అదే సమయంలో, జబ్బు తిరగబెట్టే ముందు కనిపించే తొలి గుర్తుల్లో నిద్ర పట్టకపోవడం ముందు వరుసలో ఉంటుందని 1980లో రోగులనూ కుటుంబాలనూ అడిగి చేసిన అధ్యయనం నుంచి నేటి దాకా చాలాసార్లు నమోదైంది. వరుసగా కొన్ని రాత్రులు నిద్ర తగ్గడాన్ని చూసీ చూడనట్టు వదిలేయకూడదని మా ఇంట్లో మేము పెట్టుకున్న నియమానికి ఆధారం ఇదే.

నిద్రలేమి చికిత్సను ఈ రోగులకు ఉన్నదున్నట్టుగా వర్తింపజేయలేం. మామూలుగా పక్క మీద గడిపే సమయాన్ని గట్టిగా కుదించడం ఆ చికిత్సలో ఒక ముఖ్య భాగం. నిద్ర తగ్గితే సైకోసిస్ పెరిగే ప్రమాదం ఉన్నవారి విషయంలో ఆ పనిని చాలా మెల్లగా, నిపుణుల పర్యవేక్షణలో చేయాలి, లేదా మానేయాలి. దాని బదులు వారికే ప్రత్యేకమైన చిక్కులను పట్టించుకోవాలి. పక్క అనేది కొందరికి వినిపించే మాటల నుంచి పారిపోయి తలదాచుకునే చోటు. పగలంతా అక్కడే గడిపితే రాత్రి నిద్ర మిగలదు. కొందరికి పగలు చేయడానికి ఏమీ ఉండదు. కొందరు రాత్రి ఎవరో వస్తారన్న భయంతో మేలుకుంటారు. కొందరిని పీడకలలు వెంటాడుతాయి. గడియారం తప్పినవారికి ఉదయపు వెలుతురు, పగటి పని, లేచే వేళను నిలకడగా ఉంచడం పనికివస్తాయి.

"నిద్ర పడుతోందా?" అని వైద్యుడు అడిగినప్పుడు "పడుతోందండీ" అనడంతో సంభాషణ ముగిసిపోవడం నేను చాలాసార్లు చూశాను. గంటల సంఖ్య ఒక్కటే అడిగితే, తెల్లవారి ఆరింటికి పడుకుని మధ్యాహ్నం రెండింటికి లేచే మనిషి ఎనిమిది గంటల నిద్రతో ఆరోగ్యవంతుడిగా నమోదవుతాడు. అందువల్ల ఎప్పుడు పడుకున్నారు, ఎంతసేపటికి నిద్ర పట్టింది, మధ్యలో ఎందుకు లేచారు, ఎప్పుడు లేచారు, పగలు ఎంతసేపు కునికారు, మందు ఏ వేళకు వేసుకున్నారు, గురక ఉందా, కాళ్లు కుదురుగా ఉంటున్నాయా అన్నవి రెండు వారాల పాటు ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్లడం మేలని నా అనుభవం. మందు వేసుకునే వేళను మార్చడం వంటి చిన్న నిర్ణయం కూడా వైద్యుడు అలాంటి కాగితం చూసినప్పుడే సరిగ్గా తీసుకోగలుగుతాడు.